ఇంజెక్షన్ చేసే నర్సుకు రీసెర్చ్ ఎందుకు?

పరకాల నుంచి ఒక తండ్రి రాశారు: "మా బిడ్డ బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. ఉద్యోగం చూసుకో అంటే, మా మేడమ్‌లు రీసెర్చ్ చేస్తున్నరు, నేనూ అటే పోతా అంటున్నది. ఇంజెక్షన్ చేసేటోళ్లకు రీసెర్చ్ ఏంది సార్? చదువుకు తెచ్చిన అప్పు ఎట్ల తీరాలె?"

అన్నా, అప్పు సంగతికి వస్తాను, ముందు ఆ ఇంజెక్షన్ మాట చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ లిండా ఐకెన్ కూడా నర్సే. 2002లో ఆమె బృందం 168 ఆస్పత్రుల రికార్డులు పట్టుకుని, ఆపరేషన్ వార్డులో ఒక్కో నర్సు మీద ఇంకో పేషెంటు పెరిగితే 30 రోజుల్లో చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని లెక్క తేల్చింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో నాలుగు లక్షలకు పైగా పేషెంట్ల వివరాలు చూస్తే, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం ఎక్కువ ఉన్నచోట ఆ ముప్పు 7 శాతం తక్కువ. మీరు అప్పు చేసి చదివిస్తున్నది ఆ డిగ్రీయే.

రీసెర్చ్ అంటే తెల్లకోటు, ల్యాబు అనుకోకండి. నాకు తెలిసిన ఒక స్టాఫ్ నర్సు నైట్ డ్యూటీలో నోట్‌బుక్ వెనక పేజీలో గీతలు కొట్టుకునేది: బెడ్ నంబరు, సెలైన్ సూది ఏ చేతికి పెట్టారు, ఎన్ని గంటలకు అక్కడ ఎర్రబడి వాచింది. తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఆ పేజీలే తర్వాత ఆమె ఎంఎస్సీ థీసిస్ అయ్యాయి.

మన దగ్గర ప్రశ్నలకు కరువా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం అయితే, తెలంగాణలో 60.7. నొప్పులకు భయపడి ఎందరు, ముహూర్తం చూపించుకుని ఎందరు, డాక్టరు తొందరపెడితే ఎందరు? డాక్టరుకు చెప్పనిది సిస్టర్‌కు చెప్తారు కదా. 2017లో మన రాష్ట్రం నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులు చేసే, శిక్షణ మొదలుపెట్టింది, దాంతో ఏ ఆస్పత్రిలో ఏం మారిందో లెక్కగట్టడం మీ బిడ్డలాంటివాళ్లు చేయాల్సిన పనే.

ఇక అప్పు. ఎంఎస్సీ నర్సింగ్‌కు ఎలాగూ ఏడాది అనుభవం అడుగుతారు కాబట్టి ముందు ఉద్యోగంలో చేరమనండి, కిస్తీలూ కదులుతాయి. ఆ తర్వాత రెండేళ్లు కమ్యూనిటీ హెల్త్‌లో ఎంఎస్సీ, లేదంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ. ఆపైన యూజీసీ పెట్టే నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీకి నెలకు 37,000 వస్తుంది. క్లాసుకు రాకున్నా పర్వాలేదు, థీసిస్ కూడా రాయించి పెడతాం అనే కాలేజీ దొరికితే మాత్రం గేటు దగ్గరే వెనక్కి తిరగండి, అక్కడ ఫీజు పోతుంది, పనీ రాదు.

నాలుగో ఏట వాళ్లకు నర్సింగ్ రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్ సబ్జెక్టు, ప్రాజెక్టు ఉంటాయి. చాలామంది సీనియర్ల ఫైలే పేరు మార్చి ఇచ్చేస్తారు. బిడ్డ దసరాకు ఇంటికొచ్చినప్పుడు, పెళ్లి మాట ఎత్తకముందే, వార్డులో నిన్ను సతాయిస్తున్న ప్రశ్న ఏంది అని అడగండి. చెప్తూ పోతే విని, ఆ ప్రశ్నతోనే ప్రాజెక్టు చేయమనండి. ఏమీ తోచలేదంటే కోప్పడకండి, ఏడాదికి బదులు రెండేళ్లు వార్డులో పనిచేశాకే ఎంఎస్సీకి అప్లై చేస్తుంది.