అరవై రిపాజిటరీలు, ఒకే మార్పు

ప్రశ్న: మా చిన్న సంస్థ రైస్ మిల్లులకూ రొయ్యల రైతులకూ రాసిన ప్రోగ్రాములు కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్ సైటులో 60 రిపాజిటరీలుగా (విడివిడి కోడ్ భాండాగారాలుగా) ఉన్నాయి. అన్నిటిలోనూ ఒక లైబ్రరీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడ్) పాత వెర్షన్‌ను మార్చవలసి ఉంది. ఒక్కొక్కటీ తెరవకుండా చేసే మార్గం ఉన్నదా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఉన్నది. మల్టీ-గిట్టర్ అనే ఉచిత కమాండ్ లైన్ సాధనం ఇటువంటి పనికోసమే తయారైంది. మార్పును మీరు ఒక స్క్రిప్టుగా రాసి ఇస్తే, అది ప్రతి రిపాజిటరీనీ క్లోన్ చేసుకొని (నకలు తీసుకొని), అందులో ఆ స్క్రిప్టును నడిపి, ఫైళ్లు నిజంగా మారినప్పుడు మాత్రమే కమిట్ చేసి (మార్పును నమోదు చేసి), దానిని కొత్త బ్రాంచిగా (అసలు కోడ్‌కు పక్కన ఉండే శాఖగా) పంపి, పుల్ రిక్వెస్టును (ఆ మార్పును అసలు కోడ్‌లో కలపమనే అభ్యర్థనను) తెరుస్తుంది. గిట్‌హబ్ వంటివే అయిన గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్‌లతోనూ పనిచేస్తుంది.

అసలు శ్రమంతా స్క్రిప్టులోనే ఉంటుంది. ఉదాహరణకు పాత వెర్షన్ 1.2 అనుకుంటే, '1.2' అన్న అంకెలు కనిపించిన చోటల్లా మార్చేసే స్క్రిప్టు, సంబంధం లేని మరో లైబ్రరీ వెర్షన్‌ను కూడా మార్చివేయగలదు. పైగా ఆ పొరపాటు 60 చోట్లకూ పాకుతుంది. అందువల్ల లైబ్రరీ పేరును కూడా సరిచూసి, అనుమానం కలిగిన చోట సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో (పని విఫలమైందని తెలిపే అంకెతో) ఆగిపోయేలా రాయండి. అటువంటి రిపాజిటరీకి పుల్ రిక్వెస్టు తెరుచుకోదు.

లాకులన్నీ ఒక్కసారే ఎత్తకుండా ముందు ఒక పిల్లకాలువకు నీరు వదిలి గట్లు చూసుకున్నట్టు, మొదట డ్రై-రన్‌తో (మార్పులేవీ పంపకుండా చేసే రిహార్సల్‌తో), ఆ తరువాత రెండు మూడు రిపాజిటరీలపై నడిపి చూడండి. స్టేటస్ ఆదేశం పుల్ రిక్వెస్టుల స్థితిని చూపుతుంది. మెర్జ్ ఆదేశం వాటిని మూకుమ్మడిగా కలపగలదు గాని, స్వయంచాలక పరీక్షలు లేని రిపాజిటరీల విషయంలో దానిని వాడవద్దనే నా సలహా. గిట్‌హబ్ టోకెన్‌ను (పాస్‌వర్డు వంటి రహస్య సంకేతాన్ని) స్క్రిప్టులో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (స్క్రిప్టు బయట, కమాండ్ లైన్‌లో అమర్చే విలువగా) ఇవ్వండి.