ఒక ఆదివారం రానని చెప్పి చూడండి

ఆగస్టులో అమెరికా చదువుల ఫాల్ సెమిస్టర్‌కి విజయవాడ, గుంటూరు నుంచి బయల్దేరే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకటే. కుక్కర్ తీసుకెళ్ళాలా, పచ్చళ్ళు చెకిన్‌లో పెట్టొచ్చా, మొదటి నెల ఖర్చుకి ఎంత చేతిలో ఉండాలి. ఈసారి పటమట నుంచి ఒక తల్లి వేరే ప్రశ్న అడిగారు. "మావాడు అమెరికా వెళ్ళి రెండు నెలలు కాలేదండీ. అక్కడ మనవాళ్ళ ఆధ్యాత్మిక బృందం ఒకటి వాణ్ణి సొంత మనిషిలా చూసుకుంటోందట. సంతోషించాలా, భయపడాలా?"

చాలావరకు సంతోషించవచ్చమ్మా. పరాయి దేశంలో మన పిల్లలకి గుడి, చర్చి, మసీదు చేసే మేలు ఇంతా అంతా కాదు. ఒంట్లో బాగాలేకపోతే చారు కాచి తెచ్చేది ఆ మనుషులే. కాకపోతే ప్రమాదకరమైన బృందాలు కూడా కొన్ని ఉంటాయి. మొదటి రెండు మూడు నెలలు అవీ అచ్చం మంచివాటిలాగే కనిపిస్తాయి. అందుకే కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

అలాంటి గుంపుల్లో ఏళ్ళ తరబడి ఉండి బయటపడ్డ తెలుగువాళ్ళు నాకు కొందరు తెలుసు. వాళ్ళలో ఇద్దరి గురించి ఇక్కడ రాస్తున్నాను. ఒకతనిది గుంటూరు బ్రాడీపేట, ఒక గురువు పేరు మీద నడిచే బృందంలో ఉండేవాడు. ఇంకొకామెది విజయవాడ గుణదల, బైబిల్ స్టడీ అని పిలిస్తే వెళ్ళింది. మతాలు వేరు, ఊళ్ళు వేరు, కథ మాత్రం ఒకటే. ఇద్దరూ సరేనన్న మేరకే రాస్తున్నాను. పేర్లు చెప్పను.

ఇద్దరినీ లాగింది బోధ కాదు. ఎయిర్‌పోర్టులో పికప్, పడుకోవడానికి పరుపు, వారానికోసారి కారులో ఇండియన్ స్టోరుకి తీసుకెళ్ళడం. అమెరికాలో చాలా ఊళ్ళలో కారు లేకపోతే పాల ప్యాకెట్ తెచ్చుకోవడం కూడా కష్టమే. అన్నం పెట్టినవాళ్ళు ఆదివారం రమ్మంటే మనవాళ్ళు కాదనలేరు, మొహమాటం. ఆదివారం తర్వాత బుధవారం వచ్చింది, తర్వాత తెల్లవారుజామున నాలుగున్నరకి ఆన్‌లైన్ ప్రార్థన. తర్వాత "అద్దె కలిసొస్తుంది కదా, అందరం ఒకే ఇంట్లో ఉందాం" అన్నారు. నిద్ర తగ్గిపోయింది, క్లాసు స్నేహితులు దూరమయ్యారు. ఎవరూ బలవంతం చేయలేదని ఇద్దరూ ఇప్పటికీ అంటారు.

బ్రాడీపేట అబ్బాయి చెప్పిన నోట్‌బుక్ సంగతి వింటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రోజూ పడుకునే ముందు ఆ రోజు మనసులోకి వచ్చిన చెడ్డ ఆలోచనలన్నీ అందులో రాయాలి. ఇంటి మీద బెంగ కూడా చెడ్డ ఆలోచన కిందే లెక్క. పుస్తకాలన్నీ ఆ ఇంటి పెద్ద దగ్గర ఉండేవి. చెల్లెలి పెళ్ళికి గుంటూరు వెళ్తానన్న రోజు ఆ పెద్దమనిషి కోప్పడలేదు. నోట్‌బుక్ తెరిచి, ఎప్పుడో ఒక అమ్మాయి గురించి ఇతను రాసుకున్న పేజీ తీసి, అందరి ముందూ చదివించి, "ఈ మనసు పెట్టుకుని పెళ్ళి పందిట్లో నిలబడతావా?" అన్నాడు. ఇతను టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాడు. వాళ్ళమ్మ పంపిన ఆవకాయ, గోంగూర సీసాలు కూడా "ఇంటి రుచులు బంధాల్ని పెంచుతాయి" అని తీసి పడేయించారు. ఇంటికి ఫోన్ చేస్తే స్పీకర్ ఆన్‌లో ఉండాలి, పక్కన ఒకరు కూర్చుంటారు. బ్రాడీపేటలో ఆ తల్లికి వినబడిందల్లా "బాగానే ఉన్నానమ్మా, పనుంది, ఉంటాను."

రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1950లలో చైనా జైళ్ళ నుంచి బయటికొచ్చిన వాళ్ళని హాంకాంగ్‌లో కలిసి మాట్లాడాడు. మనిషి ఆలోచనని గుప్పిట్లో పెట్టుకునే చోట్ల కనిపించే 8 లక్షణాలని 1961లో వివరించాడు. అదేపనిగా తప్పులు ఒప్పించడం వాటిలో ఒకటి. జైలు గోడలు లేకుండానే అది పనిచేస్తుందనడానికి ఈ నోట్‌బుక్కే సాక్ష్యం.

గుణదల అమ్మాయిది మరో రకం బాధ. చిన్నప్పటి నుంచి ప్రతి ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి కొండెక్కిన పిల్ల. నీ బాప్టిజం చెల్లదు, మీ అమ్మానాన్నలకి రక్షణ లేదు అన్నారు. ఆమె మీద ఒక అక్కని పెట్టారు. ఎవరితో మాట్లాడాలి, ఏ ఉద్యోగం చేయాలి, అన్నీ ఆ అక్కని అడగాలి. వేరే రాష్ట్రంలో మంచి ఉద్యోగం వస్తే "దేవుడు నిన్ను ఈ ఊళ్ళోనే ఉంచాలనుకుంటున్నాడు" అని వద్దనిపించారు. అప్పటికి ఆమె ఓపీటీలో ఉంది, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి స్టూడెంట్ వీసా మీదే ఇచ్చే అనుమతి. ఆ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ రోజులు కరిగిపోతుంటే ఇంటికి చెప్పలేదు. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి పంపించాడు, ఏ ముఖం పెట్టుకుని చెప్పను అనుకుంది. మన పిల్లల్ని లోపల కట్టిపడేసేది సగం ఆ గుంపు, సగం మన పరువు భయం. ఇది అమ్మానాన్నలు గుర్తుపెట్టుకోవాలి.

చదువుకున్నవాళ్ళు ఇలా ఎలా మోసపోతారు అని మాత్రం అడగకండి. 1978 నవంబర్ 18న దక్షిణ అమెరికాలో గయానాలోని జోన్స్‌టౌన్‌లో, జిమ్ జోన్స్ అనే మతనాయకుడి పీపుల్స్ టెంపుల్ సంస్థవాళ్ళు 900 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది విషంతో. వాళ్ళలో చాలామంది తెల్లా నల్లా తేడా లేకుండా బతకాలని, పేదలకి అన్నం పెట్టాలని ఆ సంస్థలో చేరినవాళ్ళు. మంచితనం ఉన్నవాళ్ళే ముందు దొరుకుతారు.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తాను. మీకు మేలు చేస్తున్న బృందం ఎలాంటిదో తెలియాలంటే ఒక ఆదివారం "ఈ వారం రాను, పనుంది" అని చెప్పండి. కారణం చెప్పొద్దు. మంచివాళ్ళయితే "సరే, ప్రసాదం దాచి పెడతాం" అంటారు. రెండోరకం వాళ్ళయితే ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తారు, గది తలుపు తడతారు, మీ ఆత్మకి ఏమవుతుందోనని కన్నీళ్ళు పెట్టుకుంటారు. తర్వాత, ఇదివరకు మానేసినవాళ్ళ గురించి అడగండి. "వాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, పండక్కి వస్తుంటాడు" అన్నారా, ఫర్వాలేదు. మానేసిన ప్రతివాడూ పతనమైపోయాడనో, రోగం వచ్చిందనో చెప్తే అక్కడ ఉండకండి. ట్యాక్స్ మినహాయింపు ఉన్న సంస్థ కదా అని ధైర్యపడొద్దు. అది పన్ను సంగతే తప్ప మంచితనానికి సర్టిఫికెట్ కాదు. మామూలు నాన్‌ప్రాఫిట్లు తమ జమాఖర్చులు చూపిస్తూ ఏటా వేసే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. చర్చిలకి ఆ ఫారం వేసే నిబంధన కూడా లేదు.

పాస్‌పోర్టు మాత్రం ఎంత నమ్మకమున్నా ఎవరి చేతికీ ఇవ్వకండి. అది భారత ప్రభుత్వానిది. దాన్ని దాచిపెట్టి మనిషి చేత చాకిరీ చేయించుకోవడం అమెరికా చట్టంలో నేరం. సేవ పేరుతో చేసే పనికి బదులుగా గది, భోజనం ఇస్తుంటే అది ఉద్యోగం కింద లెక్కకి రావచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి అది ముప్పు. సేవకి టైం చాలట్లేదని కోర్సు వదిలేయమంటే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని అడగండి. ఆయన అనుమతి లేకుండా ఫుల్‌టైం చదువు తగ్గితే స్టూడెంట్ వీసా స్టేటస్ పోతుంది. జీతం అకౌంటు మీ ఒక్కరి పేరు మీదే ఉంచుకోండి.

బయటికొచ్చాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. బ్రాడీపేట అబ్బాయికి టైరు పంక్చరైనా గురువు శాపం తగిలిందనే అనిపించేది. హోటల్లో ఏం తినాలో తేల్చుకోలేకపోయేవాడు. అన్నిటికన్నా ఆశ్చర్యం, అక్కడి భజనలు గుర్తొచ్చి ఏడ్చేవాడు. అది తప్పు కాదు, అక్కడి స్నేహాలూ నిజమైనవే కదా. గుంటూరు వచ్చాక కొన్నాళ్ళు విజయవాడ నాస్తిక కేంద్రానికి వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి వచ్చేవాడు. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడకి తెచ్చిన కేంద్రం అది. నిప్పుల మీద నడవడంలో మహిమేమీ లేదని జనం ముందు నడిచి చూపించారు వాళ్ళు. శాపం భయం అతనికి అక్కడ వదిలింది. గుణదల అమ్మాయి మాత్రం మళ్ళీ తన చర్చికే వెళ్తోంది, ప్రశాంతంగా ఉంది. ఇద్దరి దారీ నాకు సమ్మతమే.

అమ్మానాన్నలకి ఒక్క మాట. పిల్లలు అలాంటిచోట ఉన్నారని అనుమానం వస్తే గురువుని తిట్టకండి, "బుద్ధుందా" అనకండి. అలా అన్న రోజే ఫోన్ ఆగిపోతుంది. వారం వారం మాట్లాడండి, వంటల గురించి, చుట్టాల గురించి, ఏదైనా సరే. తిరిగొస్తే "అంత చదివి అలా ఎలా..." అనే బంధువులని కొన్నాళ్ళు గుమ్మం దగ్గరే ఆపండి. బ్రాడీపేట అబ్బాయిని ఆ గుంపు కన్నా ఎక్కువ ఏడిపించింది ఒక పెళ్ళిలో పెదనాన్న వేసిన ఆ ప్రశ్నే.

ఇప్పటికే లోపల ఉండి ఇది చదువుతున్నవాళ్ళుంటే, వెళ్ళిపోతున్నట్టు ముందుగా ప్రకటించక్కర్లేదు. పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం), బ్యాంకు కార్డు దగ్గర పెట్టుకుని, పాస్‌వర్డులు మార్చుకుని, బృందంతో సంబంధం లేని ఒక క్లాస్‌మేట్‌కి చెప్పి బయల్దేరండి. ఆపితే 911కి, అంటే పోలీసులకి ఫోన్ చేయండి. బలవంతపు చాకిరీ ఉంటే మనుషుల అక్రమ రవాణా బాధితుల హెల్ప్‌లైన్ 1-888-373-7888కి చేయండి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మనసు తట్టుకోలేకపోతే మానసిక సహాయ హెల్ప్‌లైన్ 988, పగలైనా రాత్రైనా పలుకుతారు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ చాలాచోట్ల ఉచితం, మామూలుగా ఇంట్లోవాళ్ళకి చెప్పరు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు స్పీకర్ ఆఫ్ చేసి మాట్లాడండి.