ఎమ్మెల్యే అసెంబ్లీలో ప్రశ్న వేస్తే ఊరి ట్యాంకులోకి నీళ్లు ఎక్కుతాయా?

పొదిలి వైపు ఒక గ్రామం నుంచి మీరు అడిగినదాని సారాంశం ఇది: ఊళ్లో రెండేళ్ల కిందట కట్టిన ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఇంతవరకు చుక్క నీరు ఎక్కలేదు, ఆ సంగతి అసెంబ్లీలో అడిగామని ఎమ్మెల్యేగారి మనుషులు చెబుతున్నారు గాని, ఆయన లేచి మాట్లాడగా టీవీలో చూసినవారు ఊళ్లో ఒక్కరూ లేరు, అసలు ఇలాంటి ప్రశ్నల వల్ల ఊరికి ఒరిగేది ఏమైనా ఉందా, లేక అదంతా పేపర్లో పేరు కోసమేనా? ఒరిగేది ఉందనే నా అనుభవం చెబుతోంది. కాకపోతే అది జరిగే చోటు టీవీలో కనిపించదు.

నేను ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో, పల్లెల తాగునీటి పథకాలు చూసే ఒక ఇంజనీరింగు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ని. అసెంబ్లీ లోపలికి వెళ్లి ఎన్నడూ చూడలేదు. సభ హైదరాబాదులో జరిగిన రోజుల్లోను, 2017 మార్చి నుంచి వెలగపూడిలో జరుగుతున్న రోజుల్లోను, మంత్రిగారు చదివే జవాబుకు మొదటి ముసాయిదా తయారయ్యే బల్లల్లో మాది ఒకటి, అంతే.

శాసనసభ ప్రశ్న అని పూర్తిగా పలికినవారిని మా ఆఫీసులో నేను వినలేదు. దాని పేరు ఎల్‌ఏక్యూ. సభ్యుడు ఇచ్చిన ప్రశ్నను స్పీకరు అనుమతించాక అది సంబంధిత శాఖకు, అక్కడి నుంచి ఇంజనీర్ ఇన్ చీఫ్‌కు, ఒంగోలులో జిల్లా అంతా చూసే సూపరింటెండింగ్ ఇంజనీరు ఎస్‌ఈకి, తర్వాత డివిజన్ చూసే ఈఈకి, ఆయన కింది డీఈకి, చివరకు ఆ మండలం చూసే అసిస్టెంట్ ఇంజనీరు ఏఈకి దిగుతుంది. జవాబు మళ్లీ అవే మెట్ల మీదుగా పైకి ఎక్కుతుంది. దిగడానికి పట్టిన రోజులన్నీ పోగా మాకు తరచు మిగిలేది ఒక్క రాత్రి. సాయంత్రం అయిదున్నరకు, బీరువాలకు తాళాలు వేసే వేళ, డివిజన్ ఆఫీసు నుంచి ఫోను వచ్చి, “ఎల్‌ఏక్యూ వచ్చిందండీ, రేపు పదింటికల్లా రిప్లయి ఒంగోలులో ఉండాలి” అన్నారంటే, ఇక ఎవరి బస్సు వారు మరిచిపోవలసిందే. ఫ్యాక్సు కాగితం చుట్టలు చుట్టుకుంటూ వచ్చేది. దాన్ని విప్పి నాలుగు మూలలా పేపర్ వెయిట్లు పెట్టి చదివి, ఆ అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి గనుక ముందు జిరాక్సుకు మనిషిని పంపేవాళ్లం. ఏడాదిగా ఎవరూ ముట్టని ఫైలు ఆ రాత్రి దుమ్ము దులుపుకొని బల్ల మీదికి వచ్చేది.

అంత హడావిడి ఎందుకంటే, తప్పుడు సమాచారాన్ని మంత్రిగారు సభలో చదివితే అది సభాహక్కుల సమస్య దాకా పోవచ్చు, అప్పుడు సంజాయిషీ కోరే మెమో పైమెట్టు దగ్గర ఆగదు. సోమవారం కలెక్టరేటులో మీరిచ్చే అర్జీకి “తగు చర్య తీసుకొనబడును” అని రాసి ముగించడం ఏ ఆఫీసుకైనా అలవాటే. ఎల్‌ఏక్యూ జవాబు మీద సంతకం చేసేటప్పుడు మాత్రం ఎంత నిర్లక్ష్యపు ఇంజనీరైనా మూడుసార్లు చదువుతాడు.

టీవీలో కనిపించలేదన్న మీ అనుమానం గురించి ఒక మాట. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా ఇస్తే సరిపోతుంది. ప్రశ్నోత్తరాలకు దక్కేది సాధారణంగా సభ మొదటి గంట మాత్రమే. జాబితాలో ఉన్న ప్రశ్న ఆ గంటలో రాకపోయినా, గొడవలో ఆ గంట కొట్టుకుపోయినా, జవాబును సభ సమక్షంలో ఉంచినట్టే భావిస్తారు. అందువల్ల మీ ఎమ్మెల్యేగారు అబద్ధం ఆడారని అప్పుడే తేల్చకండి. ప్రశ్న సంఖ్య ఎంతో ఆయన పీఏను అడగండి. సంఖ్య చెప్పలేకపోతే అప్పుడు అనుమానించండి.

ఇక నా చేత్తో నేను టైపు చేసిన ఒక జవాబు సంగతి చెప్పాలి. ఆ ఏడాది మా ప్రాంతపు శాసనసభ్యుడొకరు వేసిన ప్రశ్న దాదాపు ఇలా ఉంది: ఫలానా మండలంలోని గ్రామాలలో తీవ్రమైన తాగునీటి ఎద్దడి ఉన్నమాట వాస్తవమేనా, అయినచో నివారణకు తీసుకొనుచున్న చర్యలేమిటి? మేం పంపిన జవాబు రెండే పంక్తులు: (అ) కాదండి. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ రెండు పంక్తులు టైపు చేస్తున్నప్పుడు నా ఎడమచేతి పక్కన అదే మండలానికి తోలిన నీళ్ల ట్యాంకర్ల బిల్లులు, ఒక్కో ట్రిప్పుకు ఒక్కో సంతకంతో, కట్టకట్టి ఉన్నాయి. ఇదెలాగండీ అని అడిగితే, ట్యాంకర్లు వేసవి ఏర్పాటే తప్ప ఎద్దడి కాదని, పథకం పూర్తయినట్టు రికార్డు ఉండగా ఎద్దడి ఉందని రాస్తే ఆ రికార్డుకు ఎవరు జవాబు చెబుతారని పైఅధికారి అన్నారు. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ల సంగతి జిల్లాలో తెలియనివారు లేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ ఫ్లోరైడు నీరు తాగకూడదన్నది ప్రమాణం. ఆ ఊళ్లలో గార పట్టిన పళ్లతో నవ్వే పిల్లలను చూసినవారు ఎవరూ “కాదండి” అని టైపు చేయలేరు. నేను చేశాను.

తప్పు మా ఆఫీసుదే, నాదీ. కాని ఆ తప్పుకు సందు ఇచ్చింది ప్రశ్న రాసిన తీరు. తీవ్రమైన ఎద్దడి అంటే ఎంత అన్నదానికి కొలత లేదు. కొలత లేని మాటను కాదనడం సులువు, కాదన్నాక రెండో భాగం దానంతటదే రాలిపోతుంది.

రెండు వేసవులు గడిచాక అదే మండలం మీద మరో ఎల్‌ఏక్యూ వచ్చింది. ఈసారి అది వేరే చేతి రాత అని చూడగానే తెలిసింది. సమగ్ర మంచినీటి పథకం ఏ సంవత్సరం మంజూరైంది, ఎన్ని గ్రామాలకు ఉద్దేశించారు, ఈ రోజున ఎన్ని గ్రామాలకు నీరు చేరుతోంది, చేరని గ్రామాల పేర్లేమిటి, ఒక్కో గ్రామానికి కారణమేమిటి, ఏ తేదీలోగా ఇస్తారు అని ఆరు భాగాలు. ఎక్కడా విశేషణం లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఊరి రిటైర్డు హెడ్మాస్టరుగారు ఒకరు కుళాయి వచ్చిన రోజులను ఏడాది పొడవునా స్కూలు హాజరుపట్టీలో పిల్లల పేర్ల స్థానంలో వీధుల పేర్లు రాసి గుర్తించారట; ఆ పట్టీని ఎమ్మెల్యేగారి పీఏ చేతికి ఇచ్చి, ప్రశ్న కూడా తానే రాసి ఇచ్చారట.

ఆ రాత్రి మా ఏఈ టార్చిలైటు తీసుకొని మోటారు సైకిలు మీద బయలుదేరాడు. ఒంటిగంట దాటాక ఎర్రదుమ్ముతో తిరిగి వచ్చి, నా బల్ల మీద ఉన్న చెంబెడు నీళ్లు తాగి, కాగితం మీద పథకం గ్రామాలు ఇరవై రెండు, నీరు అందుతున్నవి తొమ్మిది అని చెప్పాడు. మిగిలినవాటిలో నాలుగింటికి పైపులైను బాగానే ఉంది. మధ్యలో నీటిని ఎత్తిపోసే మోటారుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి నెలలు గడిచాయి, మార్చమని ఉత్తరం రాశాం, జవాబు రాలేదు, మేమూ మళ్లీ అడగలేదు. తొమ్మిది అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ ప్రశ్న వంతు వచ్చేది తర్వాతి వారం కనుక, వివరాలు ఇంకా అందవలసి ఉందని గడువు అడిగి, డీఈగారు తానే వెళ్లి కరెంటు ఆఫీసులో కూర్చున్నారు. మూడో రోజుకు ట్రాన్స్‌ఫార్మరు ట్రాక్టరు మీద వచ్చింది. బిగుసుకుపోయిన వాల్వు ఒకటి విప్పించారు. మామూలుగా ఊరికి తగినట్టు కాక మాకు తగినట్టు జవాబు రాసేవాళ్లం. ఆ ఒక్కసారి జవాబు నిజం కావడం కోసం ఊరి పరిస్థితిని మార్చవలసి వచ్చింది. మేం పదమూడు అని రాశాం, అది నిజమే.

జవాబు చదవవలసిన రోజున సభలో మరేదో విషయం మీద రభస జరిగి వాయిదా పడింది. మా మండలం పేరు ఆ గదిలో ఎవరూ పలకలేదు. నాలుగు ఊళ్లకు మాత్రం అప్పటికే నీళ్లు వెళ్తున్నాయి.

మిగిలిన తొమ్మిది ఊళ్లకు మేం రాసిన వాక్యం “నిధుల లభ్యతను బట్టి చేపట్టబడును”. ఆ మాటకు అర్థం ఈ ఏడాది కాదని. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, జవాబు మీ చేతికి వచ్చినప్పుడు పనికివస్తాయి. “ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది” అంటే ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పే ఉద్దేశం లేదని. “పనులు ప్రగతిలో ఉన్నవి” అంటే చాలాసార్లు బిల్లు రాక కాంట్రాక్టరు మనుషులను తీసుకుపోయాడని, ఒప్పందం మాత్రం ఇంకా రద్దు కాలేదని. “అంచనాలు తయారుచేయబడినవి” అన్నది వీటిలో మెరుగైనది, ఎందుకంటే ఆ అంచనా ఎంత, ఎవరికి పంపారు, ఏ తేదీన అని వెంటనే అనుబంధ ప్రశ్న వేయవచ్చు. మంత్రిగారి నోట ఫలానా నెలకు పూర్తి చేస్తామన్న మాట వస్తే అది హామీ అవుతుంది. అలాంటివాటిని నమోదు చేసి వెంటపడడానికి శాసనసభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. కాబట్టి తేదీ రాబట్టిన ప్రశ్నే మా ఆఫీసులో బరువైన ప్రశ్న.

దీనికి పరిమితులు లేవని కాదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును కదిలించిన ప్రశ్న కొండను తొలవలేదు. కొండను తొలిచి కృష్ణా నీటిని మా వైపు తేవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా ఉన్న రెండు సొరంగాలను 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. ఆ రోజుకు కూడా నిర్వాసితుల పునరావాసం ముగియలేదు. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ప్రాజెక్టు మీద అన్ని పార్టీల సభ్యులూ ప్రశ్నలు వేశారు, అన్ని ప్రభుత్వాలూ గడువులు చెప్పాయి. అలాగే నడికుడి - శ్రీకాళహస్తి రైలు మార్గం ఎప్పుడని ఎమ్మెల్యేను నిలదీయడం దండగ, అది పార్లమెంటులో ఎంపీ అడగవలసింది. రాష్ట్రం ఇవ్వవలసిన వాటా, భూసేకరణ ఎంతవరకు వచ్చాయన్నది మాత్రం ఎమ్మెల్యే అడగవచ్చు.

ప్రశ్న బాగా పనిచేసేది ఇలాంటి పెద్ద పనుల దగ్గర కాదు, మరమ్మతు దగ్గర. మద్దిపాడు మండలం మల్లవరం వద్ద గుండ్లకమ్మ రిజర్వాయరు గేటు 2022 ఆగస్టు చివర కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో మరొకటి పోయింది, నిల్వ ఉన్న నీరు సముద్రం పాలైంది. గేటు పోయాక ఏ పార్టీవారైనా గట్టిగా మాట్లాడగలరు. గేట్ల నిర్వహణకు గత అయిదేళ్లలో ఏటా ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు అని అంతకు ముందే ఎవరైనా మూడు ముక్కలు అడిగి ఉంటే, ఏ రాత్రో ఒక ఇంజనీరు టార్చిలైటు తీసుకొని ఆ గేటు దగ్గరికి వెళ్లి ఉండేవాడని నా నమ్మకం.

సభ ఏడాదిలో కొద్ది రోజులే జరుగుతుందన్నది మరో చిక్కు. కరోనా ఏడాది 2020లో బడ్జెట్ సమావేశాలే రెండు రోజుల్లో ముగిశాయి. మీ ఎమ్మెల్యే మంత్రి అయితే ప్రశ్న వేయలేరు, అధికార పక్షంలో ఉంటే సొంత ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడానికి మొహమాటపడతారు. అప్పుడు పట్టభద్రుల ఎమ్మెల్సీని అడగండి. శాసనమండలి ప్రశ్నకు కూడా మా బల్ల మీద ఇదే కంగారు. జిల్లా పరిషత్తు సమావేశంలో అడిగించడం కూడా మంచిదే గాని, అక్కడ జవాబు నోటిమాటగా పోతుంది.

మీరు ఎమ్మెల్యేగారికి ఇచ్చిన అర్జీలో “మా గ్రామం గొంతెండిపోతోంది, ప్రభుత్వం మొద్దునిద్ర వీడాలి” అని రాశామన్నారు. అది తీసివేసి, సర్పంచి సంతకంతోను, ట్యాంకు మీద రంగుతో రాసి ఉండే పథకం పేరు, మంజూరైన సొమ్ము కనిపించే ఫొటోతోను, ఈ కింది విధంగా రాసి ఇవ్వండి: (అ) ఫలానా గ్రామంలోని ట్యాంకు ఏ పథకం కింద, ఏ సంవత్సరంలో, ఎంత మొత్తానికి మంజూరైనది, (ఆ) నిర్మాణానికి చివరి బిల్లు ఏ తేదీన చెల్లించబడినది, (ఇ) ఆ తేదీ నుండి నేటి వరకు ట్యాంకులోనికి ఎన్ని రోజులు నీరు ఎక్కించబడినది, (ఈ) ఎక్కించనిచో మిగిలిన పని ఏది, (ఉ) ఏ తేదీలోగా పూర్తి చేయబడును? అది జల్ జీవన్ మిషన్ కింద కట్టినదైతే, తలకు రోజుకు 55 లీటర్లు అందుతున్నాయా అని మరొక భాగం కలపండి. వీటన్నిటిలో ప్రాణం (ఆ)లో ఉంది. చివరి బిల్లు చెల్లించాలంటే పని పూర్తయిందని ఎవరో ఒకరు మెజర్‌మెంటు బుక్కులో, అంటే చేసిన పని కొలతలు నమోదు చేసే పుస్తకంలో, రాసి సంతకం చేసి ఉండాలి. నీరు ఎక్కని ట్యాంకుకు ఆ సంతకం ఉంటే, ప్రశ్న దిగిన రాత్రి ఆ సంతకం చేసినాయన ఇంట్లో నిద్రపోడు. ఒకవేళ బిల్లే చెల్లించకపోయి ఉంటే, ట్యాంకు ఎందుకు ఆగిందో మీకు అప్పుడే తెలిసిపోతుంది.

జవాబు వచ్చాక ఆ కాగితం ఫొటో ఇక్కడే పెట్టండి. ఏ వాక్యం దేన్ని దాటవేయడానికి రాశారో నేను చెబుతాను.