లేబర్ లా తలకెక్కట్లేదా? ముందు ఒక్క మనిషి లెక్క కట్టి చూడండి

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఎంబీఏ హెచ్ఆర్ రెండో సెమిస్టర్, డిగ్రీ బీఎస్సీ, లేబర్ లా పేపర్ అంటేనే టెన్షన్. సెక్షన్లు ఎంత బట్టీ పట్టినా వారం తిరిగేసరికి మర్చిపోతున్నారు. పైగా పాత కార్మిక చట్టాల బదులు కొత్త కోడ్‌లు వచ్చాయి కదా, పాత పుస్తకం చదవాలా వద్దా, ఎల్ఎల్‌బీ చేస్తే తప్ప ఈ సబ్జెక్టు రాదా అని. నేనూ తిరుపతిలోనే చదువుకున్నా, నాకూ లా డిగ్రీ లేదు, ఎనిమిదేళ్లుగా హెచ్ఆర్ పనిలోనే ఉన్నా. నాకు ఈ సబ్జెక్టు ఎలా పట్టుబడిందో చెప్తాను.

పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. మొదటి ఉద్యోగం చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. చేరిన మూడో నెలలో, తోతాపురి కాయ లారీలు గేటు దాకా బారులు తీరిన రోజుల్లో, బాయిలర్ దగ్గర ఏడాది పొడవునా పనిచేసే ఒక పెద్దాయన రిటైర్ అవుతున్నాడు, ఆయన గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్లు పనిచేసినందుకు వెళ్లేటప్పుడు ఇచ్చే డబ్బు, లెక్క కట్టమన్నారు. సర్వీసు 11 ఏళ్ల 7 నెలలు, నెలకు బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 13,000. ఏడాదికి 15 రోజుల జీతం అని నాకు కంఠతా వచ్చు. నెలకు 30 రోజులు కదా అని 13,000ను 30తో భాగించి, 15తో గుణించి, 11 ఏళ్లకు 71,500 అని వేసి కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసి "ఇంతేనా నాయనా?" అని మాత్రం అన్నాడు. ఇంతే పెద్దాయనా అన్నాను.

సాయంత్రం అకౌంట్స్ మేనేజర్ ఆ కాగితం చూసి నన్ను పిలిపించారు. చట్టంలో నెల జీతాన్ని భాగించాల్సింది 26తో, 30తో కాదు, వారపు సెలవులు తీసేసి పనిదినాలే లెక్క. ఆరు నెలలు దాటిన ముక్క సంవత్సరం పూర్తి సంవత్సరంగా లెక్కకొస్తుంది, అంటే 12 ఏళ్లు. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500, పదిహేను రోజులకు 7,500, పన్నెండేళ్లకు 90,000. నేను తక్కువ వేసింది 18,500 రూపాయలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే బాయిలర్ దగ్గరికే వెళ్లి క్షమించమని అడిగి కొత్త కాగితం ఇచ్చాను. అప్పటినుంచి 26 అనే అంకె నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

అందుకే చెప్తున్నా, చట్టం పేరు నుంచి మొదలుపెట్టొద్దు, మనిషి నుంచి మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక మనిషిని ఊహించుకోండి, ఆమెకు అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చిన రోజు నుంచి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అయ్యే రోజు దాకా ఏమేం జరుగుతాయో వరసగా రాయండి. చేరింది, మొదటి జీతం వచ్చింది, పీఎఫ్ కోశారు, ఓవర్‌టైమ్ చేసింది, గర్భిణి అయింది, ఎవరో ఇబ్బంది పెడితే ఫిర్యాదు చేసింది, చివరికి మానేసింది. ఒక్కో మలుపు దగ్గర ఏ చట్టం వస్తుందో పక్కన రాసుకుంటూ పోండి. ఓవర్‌టైమ్ దగ్గర ఫ్యాక్టరీల చట్టం (ఇప్పుడు దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్), రెట్టింపు రేటు. ప్రసూతి దగ్గర 26 వారాలు, దానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు. ఫిర్యాదు దగ్గర పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం, ఫిర్యాదు ఇవ్వడానికి మూడు నెలల గడువు. ఇలా రాస్తే సెక్షన్ నంబర్ గుర్తులేకపోయినా విషయం పోదు, నంబర్ చూసుకోవడానికి పుస్తకం ఎలాగూ ఉంటుంది.

రెండోది, తలలు లెక్కపెట్టడం. బస్టాండు వైపు టిఫిన్‌కి వెళ్లినప్పుడు ఆ హోటల్లో ఎంతమంది పనిచేస్తున్నారో చూడండి, వంటమాస్టర్, సర్వర్లు, క్లీనర్లు, క్యాషియర్ అందరూ కలిపి. పది మంది ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), గ్రాట్యుటీ, మహిళల ఫిర్యాదులకు ఇంటర్నల్ కమిటీ వస్తాయి. ఇరవై అయితే పీఎఫ్, బోనస్. యాభై అయితే క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు). ఆ తర్వాత జీతం పరిమితులు చూడండి, ఈఎస్ఐకి 21,000, పీఎఫ్‌కి 15,000. నేను రూమ్మేట్‌తో కలిసి ఇదే చేసేవాణ్ణి, ఇడ్లీ వచ్చేలోపు ఆ హోటల్‌కి ఏయే చట్టాలు వర్తిస్తాయో చెప్పేసేవాళ్లం.

నిర్వచనాలు మాత్రం వదలకండి. అందరూ దాటేసే పేజీలు అవే, కోర్టుల్లో గొడవంతా ఆ పేజీల మీదే. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసు సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల దాకా వెళ్లింది 'ఇండస్ట్రీ' అన్న ఒక్క మాటకు అర్థం తేల్చడానికే. 'వర్క్‌మన్' (చట్టం రక్షణ దొరికే కార్మికుడు) అన్న మాటా అంతే. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో ఒక కుర్రాడి ఐడీ కార్డు మీద సూపర్‌వైజర్ అని రాసి ఉన్నంత మాత్రాన అతను సూపర్‌వైజర్ అయిపోడు, రోజంతా అతను నిజంగా చేసే పనేమిటో చూస్తారు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాడైతే యజమాని ఎవరన్నది ఇంకో పెద్ద ప్రశ్న, ఇంటర్న్‌షిప్‌లో మీ కళ్లముందే కనిపిస్తుంది, మస్టర్ (హాజరు పట్టీ) ఎవరు రాస్తున్నారో గమనించండి.

మామిడి ఫ్యాక్టరీలనే తీసుకుంటే ఇంకో సంగతి ఉంది. సీజన్‌లో మాత్రమే వచ్చి ఫ్యాక్టరీలో కాయ తరిగే ఆడవాళ్లకు గ్రాట్యుటీ పైన చెప్పిన 15 రోజుల లెక్క కాదు, సీజన్‌కు 7 రోజుల జీతం లెక్క. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో 75 శాతం వస్తే వాళ్లది నిరంతర సర్వీసే. ఇది మన జిల్లాలో పనిచేసే హెచ్ఆర్ వాళ్లకు తప్పకుండా తెలియాలి, చాలామందికి తెలియదు, నష్టపోయేది ఆ ఆడవాళ్లే.

ఇక కోడ్‌ల సంగతి. 29 పాత చట్టాలను కలిపి నాలుగు కోడ్‌లు చేశారు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు. అలాగని పాత పుస్తకం పారేయొద్దు. తీర్పులు దాదాపు అన్నీ పాత చట్టాల మీద వచ్చినవే, గొడవ పాతకాలానిదైతే చట్టమూ పాతదే. ఎడమ పేజీలో పాతది, కుడి పేజీలో కొత్తది రాసుకోండి, మారినచోట ఎర్ర ఇంకు. అన్నిటికంటే ముందు 'వేతనం' నిర్వచనం చదవండి. ఒకరికి మొత్తం 30,000, అందులో బేసిక్ 10,000, ఇంటద్దె, కన్వేయన్స్ లాంటి అలవెన్సులు 20,000 అనుకుందాం. అలవెన్సులు సగం దాటకూడదు కాబట్టి దాటిన 5,000 తిరిగి వేతనంలో కలుస్తుంది, అప్పుడు గ్రాట్యుటీ లెక్క 15,000 మీద. ఫిక్స్‌డ్ టర్మ్ (గడువు పెట్టి తీసుకున్న) వాళ్లకు గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు పోయింది. మానేసినా తీసేసినా జీతం బాకీ రెండు పనిదినాల్లో తేల్చాలి. ఈ మూడూ మీ ఇంటర్వ్యూల్లో కచ్చితంగా అడుగుతారనే నా నమ్మకం.

చట్టాల అసలు పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గైడ్ల కంటే అదే మేలు. ఇంగ్లీషు మొదట్లో కష్టంగానే ఉంటుంది, ఒక్కో వాక్యాన్ని తెలుగులో మీ మాటల్లో రాసుకుంటే దారికొస్తుంది, నేను అలాగే చదివాను.

ఎల్ఎల్‌బీ ఇప్పుడు అక్కర్లేదు. ఉద్యోగంలో చేరి రెండు మూడు డొమెస్టిక్ ఎంక్వైరీలు (ఉద్యోగి తప్పు మీద కంపెనీ లోపల జరిగే విచారణలు) దగ్గరుండి చూశాక కావాలనిపిస్తే అప్పుడు చేయండి.

మీ నాన్నగారు రేణిగుంటలో ఒక కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారని రాశారు కదా. ఈ ఆదివారం ఆయన పే స్లిప్ అడిగి తీసుకుని, గ్రాట్యుటీ భాగం ఒక్కటి చదివి, ఈరోజు మానేస్తే ఆయనకు ఎంత రావాలో లెక్క కట్టండి. కట్టాక నాకు చూపించండి, ఎక్కడైనా తప్పితే చెప్తాను.