ఘాట్ ఎక్కేటప్పుడు కారు బలం తగ్గితే ముందు చూడవలసినవి
మీ డీజిల్ కారు అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే బలం కోల్పోతోందని, ఇంజిన్ దీపం వెలుగుతోందని, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలవుతోందని రాశారు. అది చాలావరకు లింప్ మోడ్ లక్షణమండీ. అంటే ఏదో లోపం కనిపించి ఇంజిన్ బలం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటోంది.

దీపం ఆరడం కోసం బ్యాటరీ తీగ విప్పకండి, కారు కంప్యూటర్లో నమోదైన లోపం కోడ్ చెరిగిపోవచ్చు. తిరుపతిలోనే స్కానర్ ఉన్న మెకానిక్‌తో ముందు కోడ్ చదివించండి. పీ0299 వస్తే టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) గాలి ఒత్తిడి చాలడం లేదని అర్థం. అంతమాత్రాన టర్బో మార్చాలంటే ఒప్పుకోకండి! ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే భాగం) గొట్టాల క్లిప్పులు, చీలికలు, చుట్టూ నూనె తడి ఉందేమో చూడమనండి. సన్నని చీలిక ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది, అందుకే చదునైన రోడ్డు మీద తెలియదు. పీ0087 అయితే ఇంధన ఒత్తిడి చాలడం లేదని అర్థం, డీజిల్ ఫిల్టరుతో మొదలుపెట్టండి.

ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే మాత్రం వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి.