లింక్ 'లోడెడ్' అనే ఉంది, డ్రాయింగ్ మాత్రం కనబడదు: ముందు సర్వే ఫైల్‌ని అనుమానించండి

భవనాల త్రీడీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో సర్వే డ్రాయింగ్ డీడబ్ల్యూజీని (ఆటోకాడ్ ఫైల్‌ని) లింక్ చేశాను, లింకుల జాబితా ఉండే మేనేజ్ లింక్స్‌లో లోడెడ్ అని చూపిస్తోంది, వ్యూలో మాత్రం ఒక్క గీత కూడా లేదు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడిగారు. వద్దండి. ఇన్‌స్టాల్ చేస్తే ఈ జబ్బు నయమైందన్న మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. లోడెడ్ అంటే ఫైల్ దొరికింది, చదివాను అని మాత్రమే. మీరు చూస్తున్న చోటే ఉందని రెవిట్ మాటివ్వలేదు కదా.

మామూలు కారణాలు గబగబా చెప్పేస్తాను. వీజీ కొట్టి (ఆ వ్యూలో ఏవి కనబడాలో ఎంచుకునే కిటికీ వస్తుంది) ఇంపోర్టెడ్ కేటగిరీస్ ట్యాబ్‌లో మీ ఫైల్ పేరు పక్కన టిక్ ఉందో లేదో చూడండి. ఆ ట్యాబ్‌లో పైన అన్నిటికీ కలిపి ఇంకో టిక్ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. టిక్కులు బూడిద రంగులో ఉండి కదలకపోతే వ్యూ టెంప్లేట్ (వ్యూ సెట్టింగులన్నీ ఒకేచోట నిర్ణయించేది) పట్టుకుని కూర్చుందన్నమాట, అక్కడికెళ్లి మార్చాలి. లింక్ చేసేటప్పుడు కరెంట్ వ్యూ ఓన్లీ పెట్టి ఉంటే ఆ ఒక్క ప్లాన్‌లోనే వస్తుంది, త్రీడీలో ఎంత వెతికినా రాదు. పదిమంది పనిచేసే ఫైల్ అయితే లింక్ ఉన్న వర్క్‌సెట్ (పని పంచుకోవడానికి మోడల్‌లో విడదీసిన భాగం) మూసేసి ఉండొచ్చు. ఇవి చూడటానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు.

కానీ మీరు సర్వే డ్రాయింగ్ అన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే.

ముమ్మిడివరం వైపు, ఏటిగట్టుకి దగ్గర్లో ఒక కల్యాణ మండపం పని చేశాం. ఆసామికి కొబ్బరి తోట, కొడుకు అమెరికాలో. తండ్రికి కావాల్సింది ఒకటే: నీళ్లు మండపంలోకి రాకూడదు. 1986 వరద చూసిన మనిషి, 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు తోటలో నీళ్లు నిలబడటమూ చూశాడు. కొడుక్కి కావాల్సింది త్రీడీ, అది కూడా శనివారం రాత్రి వీడియో కాల్‌కి. పునాది ఎత్తు తేలకుండా త్రీడీ ఎందుకండి అంటే వినేవాళ్లెవరు? లైట్లు, తోరణాలు, కార్లతో సహా కావాలి. మెట్లు ఎన్నో తెలియని భవనానికి తోరణం రంగు మీద గంటసేపు చర్చ. ఈ రోగం మా వైపు ఈమధ్య బాగా ముదిరింది.

సరే, పునాది ఎత్తు తేల్చాలంటే సర్వే లెవెల్స్ కావాలి. సర్వేయర్ డ్రాయింగ్ వాట్సాప్‌లో వచ్చింది. మా ఆఫీసు కుర్రాడు లింక్ చేశాడు. లోడెడ్. తెర మీద ఏమీ లేదు. టిక్కులన్నీ చూశాడు, బాగానే ఉన్నాయి. జూమ్ టు ఫిట్ కొట్టాడు, క్రాప్ (వ్యూని ఒక చట్రం వరకే చూపించేది) ఆన్‌లో ఉంది కాబట్టి అదే ఖాళీ చతురస్రం చూపించింది. నేను సైట్ నుంచి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తున్నాడు. "క్రాష్ ఏమైనా అయ్యిందా?" అంటే "లేదు గురువు గారూ, ఎందుకైనా మంచిదని" అన్నాడు. లింక్ చేసినప్పుడు ఏమైనా మెసేజ్ వచ్చిందా అని అడిగితే ఏదో వచ్చింది, క్లోజ్ కొట్టేశాను అన్నాడు. మన జబ్బులన్నిటికీ మందు ఆ క్లోజ్ కొట్టేసిన మెసేజ్‌లోనే ఉంటుంది. ఫైల్‌లోని బొమ్మ విస్తీర్ణం 20 మైళ్లు దాటింది అని అది చెప్పింది.

ఎకరం స్థలం 20 మైళ్లు ఎలా దాటుతుంది?

ఫైల్‌ని ఆటోకాడ్‌లో తెరిచి జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టాను. నల్లటి తెర. కింద ఎడమ మూల ఒక చుక్క, పైన ఇంకో చుక్క, మధ్యలో శూన్యం. పై చుక్క దగ్గరికి వెళ్తే మన స్థలం: హద్దులు, కొబ్బరి చెట్లు, బోరు, గట్టు, లెవెల్స్ అన్నీ చక్కగా ఉన్నాయి. కింది చుక్క దగ్గర సర్వేయర్ టైటిల్ బ్లాకు, ఉత్తరం బాణం, సరిగ్గా సున్నా కామా సున్నా మీద.

జరిగింది ఇదీ. ఇప్పుడు సర్వే చేసేవాళ్లు శాటిలైట్ నుంచి పాయింటు తీసుకుంటారు, అంకెలు యూటీఎంలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలో వస్తాయి. మన గోదావరి డెల్టా అంతా 44వ జోన్, ఉత్తరం. ముమ్మిడివరం దగ్గర ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) 6 లక్షల మీటర్ల పైన, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) 18 లక్షల మీటర్ల పైన ఉంటుంది. అంటే సున్నా నుంచి స్థలానికి దాదాపు 1,900 కిలోమీటర్లు. సున్నా దగ్గర టైటిల్ బ్లాకు, ఇక్కడ స్థలం. కుర్రాడు సెంటర్ టు సెంటర్ పెట్టి లింక్ చేశాడు, రెవిట్ ఈ రెండిటి నడిమధ్యని తెచ్చి మన మోడల్ మధ్యలో పెట్టింది. ఆ నడిమధ్యలో ఏముంది? ఏమీ లేదు. స్థలం అక్కడి నుంచి 900 కిలోమీటర్లకు పైగా అవతల పడింది. ముమ్మిడివరం నుంచి గీత గీస్తే ఇంచుమించు కోల్‌కతా అంత దూరం. ఇంటర్నల్ ఆరిజిన్ (రెవిట్ సొంత సున్నా) నుంచి 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు దాటితే రెవిట్ లెక్క నమ్మకంగా ఉండదు. ఇక కోల్‌కతా సంగతి చెప్పాలా?

సర్వేయర్‌కి ఫోన్ చేశాను. "స్థలం భూమ్మీద ఎక్కడుందో అక్కడే గీశాను కదండి, తప్పేముంది?" అన్నాడు. అందులో ఆయన తప్పు లేదు, అలాగే గీయాలి. మరి ఆ టైటిల్ బ్లాకు? "అది పాత ఫైల్‌లోదండి." అదీ సంగతి. ప్రతి సర్వేయరూ ఎప్పటిదో పాత ఫైల్ తెరిచి, అందులో గీతలు చెరిపేసి, కొత్త స్థలం గీస్తాడు. సున్నా దగ్గర మిగిలింది ఎవడూ చూడడు. నన్నడిగితే కనబడని లింకుల్లో సగానికి సగం ఇవే, మిగతా వాటిని తర్వాత మాట్లాడుకుందాం.

వైద్యం చాలా తేలిక. అసలు ఫైల్‌ని ముట్టుకోవద్దు, దానికి ఒక కాపీ చేసుకోండి. కాపీలో సున్నా దగ్గర చెత్త చెరిపేయండి. ఆఫ్ చేసిన, ఫ్రీజ్ చేసిన లేయర్లు కూడా తెరిచి చూడండి, చెత్త అక్కడే దాక్కుంటుంది. ఆడిట్, పర్జ్ (తప్పులు సరిచేసి, వాడని సరుకు తీసేసే కమాండ్లు) కొట్టండి. యూనిట్స్ మీటర్లని ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఎకరం స్థలం అగ్గిపెట్టె అంత వస్తుంది, అదీ కనబడనట్టే. ఇప్పుడు పాత లింక్ తీసేసి, ఈ కాపీని సెంటర్ టు సెంటర్ లింక్ చేయండి. స్థలం వచ్చి మోడల్ మధ్యలో కూర్చుంటుంది. ఆ తర్వాత అక్వైర్ కోఆర్డినేట్స్ నొక్కి ఆ లింక్ మీద క్లిక్ చేస్తే అసలు యూటీఎం అంకెలు ప్రాజెక్టుకి వచ్చేస్తాయి. కొందరు మూవ్ కొట్టి స్థలం మొత్తాన్ని సున్నాకి లాగేస్తారు. బొమ్మ కనబడుతుంది, నిజమే. రేపు సర్వేయర్ కొత్త లెవెల్స్ ఇస్తే అవి దీనిమీద కూర్చోవు, అప్పుడు మళ్లీ టెన్షన్.

ఇంకో మాట. మన డెల్టాలో నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే కాబట్టి మనకి ఎత్తు గొడవ తక్కువ. అదే రంపచోడవరం వైపు సైట్ అయితే కాంటూర్లు అసలు ఎత్తులోనే గీసి ఉంటాయి, ప్లాన్‌లో కట్ ప్లేన్ (ప్లాన్ చూపించడానికి అడ్డంగా కోసే ఎత్తు) కంటే పైన ఉండి మాయమవుతాయి. అప్పుడు వ్యూ రేంజ్ (ప్లాన్‌లో కనబడే ఎత్తుల హద్దు) పెంచాలి.

మేనేజ్ లింక్స్‌లో నాట్ ఫౌండ్ అని వస్తే అది వేరే కథ. ఎవడో పెన్‌డ్రైవ్ మీదే లింక్ చేసి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని వెళ్లిపోయాడన్నమాట. రీలోడ్ ఫ్రమ్ కొట్టి కొత్త చోటు చూపించండి, పాత్ టైపు రిలేటివ్ (ప్రాజెక్టు ఫైల్ ఉన్న చోటుని బట్టి వెతికేది) పెట్టుకోండి. డ్రాయింగులు పంపేవాళ్లు ఆటోకాడ్‌లో ఈట్రాన్స్‌మిట్ వాడితే ఎక్స్‌రెఫ్‌లు (డ్రాయింగ్‌కి తగిలించిన వేరే డ్రాయింగులు), ఫాంట్లు అన్నీ ఒక్క మూటగా వస్తాయి. అది వాడేవాడు మా జిల్లాలో నాకింకా కనబడలేదు. 'ఫైనల్ కొత్తది 2' అని ఒక్క ఫైల్ వాట్సాప్‌లో పడేసి, అందులో ఎక్స్‌రెఫ్‌లు రాలేదంటే మనల్నే విచిత్రంగా చూస్తారు. కోచింగ్ సెంటర్లలో గోడలు, కిటికీలు, రెండరింగ్ నేర్పుతారు, లింకుల గురించి ఒక్క పూట కూడా చెప్పరు.

మీరు ముందు ఆటోకాడ్‌లో మీ సర్వే ఫైల్ తెరిచి, ఐడీ అని కొట్టి, స్థలం మూల మీద క్లిక్ చేయండి. ఎక్స్, వై అంకెలు వస్తాయి. ఆ రెండూ, జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే వచ్చే తెర ఫోటో ఒకటి కామెంట్‌లో పెట్టండి. చూసి చెబుతాను.