దిండు పక్కన పవర్ బ్యాంక్ వద్దు

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. గదిలో నలుగురికి రెండే ప్లగ్గులు. అందుకని పోయినేడాది ఫోనుకీ, ట్యాబ్‌కీ పనికొస్తుందని 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొనిచ్చాం. ఫోనుకి నాలుగుసార్లు వస్తుందన్నారు, రెండుసార్లకే అయిపోతోంది. ట్యాబ్ అయితే రాత్రంతా పెట్టినా నిండట్లేదట. మొన్న సెలవులకి వచ్చినప్పుడు చూశాను, టేబుల్ మీద పెడితే అటూ ఇటూ ఊగుతోంది. రాత్రి దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. రిపేరు చేయించమంటారా, కొత్తది కొనమంటారా?
– ఓ తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ‘టేబుల్ మీద ఊగుతోంది’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు అబ్బాయికి ఫోన్ చేయండి. దాన్ని ఛార్జింగ్‌కి పెట్టొద్దు, దాంతో దేన్నీ ఛార్జ్ చేయొద్దు, మంచం మీద నుంచి ఇప్పుడే తీసేయమనండి.

బల్లపరుపుగా ఉండాల్సిన వస్తువు ఊగుతోందంటే లోపలి సెల్ ఉబ్బిందని. లిథియం సెల్ పాడైనప్పుడు లోపలి రసాయనం విడిపోయి గ్యాస్ పుడుతుంది. ఆ ఉబ్బు తగ్గదు. పైనుంచి నొక్కితేనో, సూదితో పొడిస్తేనో లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. కొన్ని క్షణాల్లో మంట లేస్తుంది. హాస్టల్లో ఓ పాత స్టీలు గిన్నెలో పొడి ఇసుక పోసి, అందులో పెట్టి, బట్టలూ పుస్తకాలూ లేని చోట, ఎండ తగలకుండా ఉంచమనండి. గుంటూరు బస్సులో బ్యాగులో కుక్కి తీసుకురావద్దు, కొరియర్‌లో అసలే పంపొద్దు. అక్కడే దగ్గర్లో ఉన్న ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకో అప్పజెప్పాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. చెత్తబండిలో మాత్రం వేయొద్దు. బండిలో చెత్త నొక్కేటప్పుడు అది పగిలితే, ప్రమాదం ఆ పారిశుద్ధ్య కార్మికుడికి.

రిపేరు మాట మర్చిపోండి. విజయవాడ గవర్నరుపేటలో పద్దెనిమిదేళ్ళుగా ఫోన్లు బాగు చేస్తున్నాను, ఉబ్బిన పవర్ బ్యాంక్ మాత్రం ముట్టుకోను. రెండేళ్ళ కిందట ఓ కుర్రాడు పూర్తిగా చచ్చిపోయినదాన్ని తెచ్చాడు. అతనిదీ 20000దే, రోడ్డు మీద చవగ్గా కొన్నాడు. ‘పట్టుకు చూడండన్నా, ఎంత బరువుందో’ అన్నాడు. మూత తీస్తే ఆరు సెల్లులు పట్టే చోట రెండే ఉన్నాయి. మిగతా నాలుగూ అచ్చం సెల్లులాగే ఉన్న గొట్టాలు. ఒకదాని చివర కత్తితో గీస్తే, బల్ల మీద సన్నటి ఇసుక రాలింది. ఆ కుర్రాడు చాలాసేపు ఆ ఇసుకనే చూస్తూ నిలబడ్డాడు. బరువు చూసి కొనొద్దని అప్పటి నుంచి ప్రతివాళ్ళకీ చెబుతున్నాను.

మీరు మోసపోయారని మాత్రం అనను. మంచి పవర్ బ్యాంక్ కూడా 20000 అంటే 20000 ఇవ్వదు. ఆ అంకె లోపలి సెల్లుది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. బయటికిచ్చేది 5 వోల్టులు. వోల్టులు పెరిగితే ఎంఏహెచ్ అంకె ఆ మేరకు తగ్గుతుంది. పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది, ఫోను తీసుకునేటప్పుడు ఇంకొంత. చివరికి మిగిలేది దాదాపు అరవై, అరవై అయిదు శాతం. 5000 ఎంఏహెచ్ ఫోనుకి రెండున్నర సార్లు వచ్చిందంటే సరుకు నిజాయితీగా ఉన్నట్టే. వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఇంకో అంకె ఉంటుంది, కొనేటప్పుడు చూడాల్సింది దాన్ని.

ట్యాబ్ సంగతి వేరు. అబ్బాయి దాన్ని 1 ఆంపియర్ రంధ్రంలో పెడుతున్నాడేమో అడగండి. అందులోంచి వచ్చేది 5 వాట్లు. స్క్రీన్ వెలుగుతూ, వీడియో పాఠం నడుస్తుంటే వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. ట్యాబ్‌కి కనీసం 18 వాట్లు ఇచ్చే టైప్-సి, పీడీ (పవర్ డెలివరీ, అంటే వేగంగా ఛార్జ్ చేసే పద్ధతి) అని రాసి ఉన్నది కావాలి, కేబుల్ కూడా దానికి తగ్గది ఉండాలి.

కొత్తది కొనేటప్పుడు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితోపాటు ‘ఆర్’తో మొదలయ్యే నంబరు వెతకండి. మన దేశంలో పవర్ బ్యాంక్‌లకు ఇది తప్పనిసరి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుకిచ్చారో కనిపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

దిండు దగ్గరికి వస్తాను. ఛార్జ్ అవుతున్న ఫోనూ, ఇస్తున్న పవర్ బ్యాంకూ రెండూ వేడెక్కుతాయి. గాలి ఆడితే ఆ వేడి పోతుంది. దూది దిండు, దుప్పటి మధ్య ఎక్కడికి పోతుంది? పైగా మన బెజవాడ మే నెల మీకు తెలియంది కాదు, హాస్టల్ పై అంతస్తులో రాత్రి పదింటికి కూడా గోడ ముట్టుకుంటే కాలుతుంది. గచ్చు మీద పెట్టి, మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేసుకోమనండి. గోడ ప్లగ్గు నుంచి పవర్ బ్యాంక్‌కి, దాన్నుంచి ఫోనుకి ఒకేసారి పెట్టే అలవాటుంటే మానమనండి, వేడి ఇంకా పెరుగుతుంది. చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే వెంటనే వైరు పీకేయాలి. వాసనో, పొగో వస్తే చేత్తో ముట్టుకోకుండా అందరూ గది బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు మా పవర్ బ్యాంక్ ఒక పూట నీళ్ళలో ఉండిపోయింది. ఎండబెడితే పనిచేసింది. వానల కోసం దాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: దాచుకోవద్దండీ. వరద నీళ్ళలో బురద, ఉప్పు, మురుగు అన్నీ ఉంటాయి. నీరు ఆరినా అవి లోపలి బోర్డు మీదే ఉండి మెల్లగా తుప్పు తినిపిస్తాయి. ఇప్పుడు పనిచేస్తోంది కదా అనుకుంటాం, షార్ట్ అయ్యేది ఎప్పుడో తెలియదు.

ఆ వారం మా షాపు ముందు బల్లేసి రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు పెట్టాం. మీవైపు నుంచి తడిబట్టలతో వచ్చినవాళ్ళు పది శాతం ఎక్కగానే పీకేసి, అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసుకున్నారు. ‘బతికే ఉన్నామమ్మా’ అని ఒకాయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది. అందుకే ప్రతి ఇంట్లో మంచి పవర్ బ్యాంక్ ఒకటి ఉండాలంటాను. వాడకుండా దాచేటప్పుడు సగం ఛార్జ్‌తో ఉంచండి, మూడు నెలలకోసారి చూసి నింపండి. పూర్తిగా ఖాళీ అయినదాన్ని ఏళ్ళ తరబడి బీరువాలో పెడితే సెల్ చచ్చిపోతుంది. భారీ వర్షం హెచ్చరిక వచ్చిన రోజే నిండుగా ఎక్కించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అటక మీద పెట్టండి.

ప్రశ్న: గన్నవరం నుంచి విమానంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. 20000 పవర్ బ్యాంక్ పెద్ద సూట్‌కేసులో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, పెనమలూరు

జవాబు: పెట్టకూడదమ్మా. చెక్-ఇన్ సామానులో పవర్ బ్యాంక్ ఉండకూడదు, చేతిసంచిలోనే తీసుకెళ్ళాలి. మామూలుగా 100 వాట్ అవర్ల దాకా అనుమతి, మీది 74 అవుతుంది (20000ని 3.7 వోల్టులతో గుణించి, వెయ్యితో భాగిస్తే వచ్చేది). మీద అంకెలు చెరిగిపోయి ఉంటే సెక్యూరిటీలో ఆపేస్తారు, ముందే చూసుకోండి. తాళంచెవులు, చిల్లర డబ్బులు ఉన్న అరలో కాకుండా వేరే అరలో పెట్టండి.